మార్గరిత దగ్గర బోల్తా

నికో పిరోస్మని (1862–1918) జార్జియా దేశ రాజధాని తిబిలిసిలో మద్యం దుకాణాలకు సైన్‌బోర్డులు రాసి బతికిన చిత్రకారుడు. అక్కడ ఆ కొట్టుని ‘దుకాని’ అంటారు. మన కల్లు దుకాణానికి మాటలోనూ సరుకులోనూ చుట్టమే. ఆయనకు కూలి కింద చాలాసార్లు భోజనం, వైను ముట్టేవి. ఆ బోర్డుల తీరులో డిస్‌ప్లే ఫాంటు (శీర్షికలకీ బోర్డులకీ వాడే పెద్ద సైజు ఫాంటు) చెయ్యబోయే డిజైనరుకి ఆపాటి గిట్టుబాటు కూడా ఉండదు.

పైకి పని తేలికే. జార్జియన్ లిపికి 33 అక్షరాలు. గుణింతాల్లేవు, ఒత్తుల్లేవు. తెలుగు ఫాంటు చేసినవాళ్లకి కళ్లు కుట్టే సంగతి.

బోర్డు ఫొటో పెట్టి, బొమ్మని తనే గీతలుగా మార్చే ఆటోట్రేస్ నొక్కితే సాఫ్ట్‌వేరు అక్షరాన్నీ, దాని మీది దుమ్మునీ సమాన భక్తితో గీసిస్తుంది. ఇరవై బిందువుల్లో తేలే వంపుకి వందలు పడతాయి, ఇక దాన్ని సరిదిద్దడం ఎవరి తరమూ కాదు. ఫొటో అడుగున పెట్టుకుని చేత్తో గీసుకోవాల్సిందే. కుంచె గరుకు అంచుల్లో మాత్రం ఉంచితే చాలు.

తర్వాత నలుపు. పిరోస్మని ఎక్కువగా నల్ల ఆయిల్‌క్లాత్ మీద వేసేవాడు. నలుపు కావాల్సిన చోట రంగు వెయ్యకుండా వదిలేస్తే సరిపోయేది. డిజైనరు కూడా తెరని నల్లగా పెట్టుకుని, తెల్లని అక్షరాలు ముద్దుగా గీసుకుంటాడు. తీరా మెనూ కార్డు తెల్ల కాగితం మీద అచ్చవుతుంది. నలుపు మీద తెలుపు లావుగా కనిపిస్తుంది కాబట్టి, అవే అక్షరాలు ఇక్కడ జ్వరం పడి లేచినట్టుంటాయి. అక్షరం గీసే వెయ్యి యూనిట్ల గడిలో నిలువుగీత మందం 110 ఉంటే, కాగితం కోసం 120 మందంతో ఇంకో రకం చెయ్యాలి. అక్షరం ఆక్రమించే మొత్తం వెడల్పు మాత్రం మారకూడదు, మారితే పంక్తులు జరిగిపోతాయి.

అసలు పరువు పోయేది ‘ఇని’ దగ్గర. ‘ఇ’ పలికే ఈ అక్షరం జార్జియన్‌లో అడుగడుగునా తగులుతుంది. తిబిలిసి అని జార్జియన్‌లో రాస్తే (త్-బ్-ఇ-ల్-ఇ-స్-ఇ) ఏడక్షరాల్లో మూడు ఇనిలే. మూడింటికీ ఒకే చోట ఒకే రంగు చుక్క కనబడితే, చేతిరాత అని ఎవరు నమ్ముతారు? అందుకని ప్రతి అక్షరానికీ రెండు రూపాలు గీసి, వంతులవారీగా మార్చే సూత్రం రాస్తారు. ఇనిలు ఉన్నది మూడు, అయిదు, ఏడు స్థానాల్లో. అన్నీ బేసి! మళ్లీ మూడూ ఒకే మొహం. సరే, మూడు రూపాలు. గ్లిఫులు (గీసిన అక్షర రూపాలు) 99 అవుతాయి, జంటల మధ్య ఎడం సరిచూడబోతే 9,801 జంటలు (ఒక అక్షరపు మూడు రూపాల్నీ ఒకే తరగతిలో పడేస్తే 1,089కి దిగొస్తాయి). తిబిలిసి గట్టెక్కుతుంది.

ఈ లోపు మార్గరిత వస్తుంది. పిరోస్మని బొమ్మ వేసిన నటి. ఆమె కోసం ఉన్నదంతా అమ్మి పూలు కొన్నాడని కథ. ఆ పేరులో ‘అ’ రెండు, అయిదు స్థానాల్లో, ‘ర’ మూడు, ఆరు స్థానాల్లో ఉన్నాయి. మధ్య దూరం సరిగ్గా మూడు, మళ్లీ కవలలే. ఆవిడ ఈ డిజైనర్నీ ముంచింది. స్థానాలు లెక్కపెట్టడం మానేసి, ‘ఇదే అక్షరం కాస్త ముందు వచ్చిందా? అయితే తర్వాతి రూపం తీసుకో’ అని సూత్రం మార్చాలి.

ఇంగ్లిషు ఫాంటు నుంచి ఎత్తుకొచ్చిన కింది హద్దు 200 యూనిట్ల దగ్గరే వదిలేస్తే ఇంకో వినోదం. వైనుని ‘గ్వినో’ అంటారు. అందులో మొదటి రెండక్షరాలూ పంక్తి కిందికి దిగేవే. వాటి తోకలు 300 దాకా వెళ్తే కొన్ని ప్రోగ్రాముల్లో కత్తెర పడుతుంది, వైను కొట్టు బోర్డు మీద వైనే సగం ఒలికిపోతుంది.

ఇవన్నీ దాటాక వెబ్‌సైటు చేసేవాడు శీర్షికలన్నీ పెద్దక్షరాల్లోకి (క్యాపిటల్స్‌లోకి) మార్చమని ఒక్క ముక్క రాస్తాడు. 2018లో యూనికోడ్ 11 (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) జార్జియన్‌కి ‘ముతావ్రులి’ పెద్దక్షరాలు విడిగా ఇచ్చింది. బ్రౌజరు వాటికోసం వెతుకుతుంది. ఫాంటులో లేవు, చూసేవాళ్ల ఫోనులోనూ లేకపోతే మార్గరిత స్థానంలో తొమ్మిది ఖాళీ పెట్టెలు వరసగా నిలబడతాయి. తొమ్మిదీ ఒకే అచ్చు.