జర్నలిజం అనే గుర్రం గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది

అమెరికాలో ఐదు వారాల్లో జరిగే మూడు పెద్ద గుర్రపు పందేలు కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్‌మాంట్ గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. 2025లో సావరిన్‌టీ అనే గుర్రం డెర్బీ గెలిచి కూడా రెండు వారాల తర్వాత జరిగిన ప్రీక్‌నెస్‌కి రాలేదు కాబట్టి రేసుల మధ్య వ్యవధి పెంచాలని అందులో రాశారు. నేను ఒప్పుకోను. ట్రైనర్ బిల్ మాట్ తన గుర్రానికి విశ్రాంతి ఇవ్వడంలో తప్పేమీ లేదు, తర్వాత బెల్‌మాంట్ కూడా గెలిపించాడు. కానీ అదే సీజన్‌లో జర్నలిజం అనే గుర్రం ఏం చేసిందో అసలు చెప్పలేదేంటి? ఏప్రిల్‌లో శాంటా అనిటా డెర్బీ అనే వేరే రేసు గెలిచి, కెంటకీ డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ ట్రాక్ బురదలో రెండో స్థానంలో వచ్చి, మళ్ళీ రెండు వారాలకే బాల్టిమోర్‌లో ప్రీక్‌నెస్ పరిగెత్తింది. అక్కడ ఆఖరి మలుపు దాటాక గుర్రాల మధ్య ఇరుక్కుని, ఢీకొని, ఇక పోయింది అనుకున్న టైమ్‌లో ఎలాగో సందు చేసుకుని బయటపడి, బాగా ముందున్న గాస్గర్ అనే గుర్రాన్ని చివర్లో అర లెంగ్త్ (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో దాటేసింది! ఆ రేసు ఎన్నిసార్లు చూసినా నాకు టెన్షనే. ఆ తర్వాత బెల్‌మాంట్‌లోనూ రెండో స్థానం. అంటే మూడు రేసులూ పరిగెత్తింది, ఎక్కడా రెండో స్థానం కన్నా కిందికి దిగలేదు. నెలేసి రోజుల గ్యాప్ ఇస్తే ఎక్కువ గుర్రాలు వస్తాయి, నిజమే. కానీ 1973లో సెక్రటేరియట్ అనే గుర్రం బెల్‌మాంట్‌ని 31 లెంగ్త్‌లతో గెలిచింది కూడా ఈ ఐదు వారాల లెక్కలోనే కదండీ.