ఆ ‘నాలుగు ఫిల్టర్ చిట్కాలు’ పంపేముందు ఒక్కసారి నడిపి చూడండి

బరంపురం నుంచి జయపురం దాకా మన తెలుగు కోడింగ్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజీ: ‘జావాస్క్రిప్ట్‌లో నెస్టెడ్ డేటాకి నాలుగు ఫిల్టర్ చిట్కాలు’. పంపేవాళ్ళలో ఒక్కరైనా కన్సోల్ తెరిచినట్టు లేదు. నెస్టెడ్ అంటే ఒకదాని లోపల ఇంకోటి: ఒడిశా జిల్లాల అర్రే (వరుస జాబితా), ఒక్కో జిల్లాలో బ్లాకుల అర్రే ఉన్నాయనుకుని చూద్దాం. ఫిల్టర్ పని, షరతుకి సరిపోయినవాటిని ఏరి కొత్త అర్రేగా ఇవ్వడం.

‘ఫర్ లూప్ వేగం, ఫిల్టర్ స్లో.’ ఒడిశాలో ఉన్నవి 30 జిల్లాలు, అంత చిన్న జాబితాలో ఆ తేడా కనబడదు. వదిలేయండి.

‘ఫిల్టర్ లోపల ఫిల్టర్ పెట్టండి.’ లోపలి ఫిల్టర్ ఇచ్చేది అర్రే. ఖాళీ అర్రే కూడా ట్రూతీయే, అంటే షరతు దగ్గర ‘నిజం’ కిందే లెక్క. గుణుపూర్ బ్లాకు వెతికితే 30 జిల్లాలూ దిగుతాయి. అక్కడ కావలసింది సమ్ (some), ఒక్కటి సరిపోయినా చాలనేది. అన్నీ సరిపోవాలనే ఎవ్రీ (every) పెట్టారంటే బ్లాకులు ఖాళీగా ఉన్న జిల్లా కూడా పాసైపోతుంది.

‘జేసన్ స్ట్రింగిఫై చేసి ఇంక్లూడ్స్‌తో వెతికితే ఎంత లోతున్నా దొరుకుతుంది.’ డేటా మొత్తాన్ని ఒకే టెక్స్ట్‌గా మార్చి అందులో పదం వెతకడమన్నమాట. దొరుకుతుంది, అడగనివి కూడా. ‘రాయగడ’ కొడితే రాయగడ జిల్లాతో పాటు గజపతీ వస్తుంది. అక్కడ ఆ పేరుతో ఒక బ్లాకుంది మరి. ‘బ్లాకులు’ లాంటి కీ పేరు కొడితే అన్నీ వస్తాయి. అయినా ఒక పదం డేటాలో అసలుందో లేదో కన్సోల్‌లో చప్పున చూసుకోవడానికి ఇంతకన్నా పొట్టి దారి లేదు, ఒప్పుకుంటాను. సెర్చ్ బాక్సులో మాత్రం పెట్టకండి.

ఇక అసలు ముప్పు: ‘ఫిల్టర్ కొత్త అర్రే ఇస్తుంది, పాత డేటా భద్రం. లోపల ధైర్యంగా జిల్లా.బ్లాకులు = జిల్లా.బ్లాకులు.ఫిల్టర్(షరతు) అని రాయండి.’ ధైర్యానికి దండం! కొత్తది అర్రే ఒక్కటే. అందులో ఉన్నవి పాత ఆబ్జెక్టులే. గుణుపూర్ వెతికారు. రాయగడ జిల్లాలో ఆ ఒక్క బ్లాకే మిగిలింది, తక్కిన 29 జిల్లాలూ ఖాళీ. బాక్సు చెరిపి అదే జిల్లాలోని కాశీపూర్ కొట్టారు. లేదు. పేజీ రీలోడ్ చేస్తే మళ్ళీ ప్రత్యక్షం. ఇక ‘సర్వర్ ప్రాబ్లం’ అని ఇంకో ఫార్వర్డ్ మొదలు. ముందు స్లైస్‌తో కాపీ తీసినా, మూడు చుక్కలతో (...) అర్రేని స్ప్రెడ్ చేసినా ఇదే గతి, కాపీ అయ్యేది పై పొరే. ‘కాన్స్ట్ పెట్టాం కదా’ అంటారు. కాన్స్ట్ ఆపేది ఆ పేరుకి ఇంకో విలువ ఇవ్వడాన్నే, లోపల కోసేయడాన్ని కాదు స్వామీ.

సరైన దారి: ముందు మ్యాప్ (ఇక్కడ ఒక్కో జిల్లాకీ కొత్త ఆబ్జెక్ట్ చేస్తుంది), తర్వాత ఫిల్టర్:

జిల్లాలు.మ్యాప్(జి => ({ ...జి, బ్లాకులు: జి.బ్లాకులు.ఫిల్టర్(షరతు) })).ఫిల్టర్(జి => జి.బ్లాకులు.లెంగ్త్ > 0)

మీసాల బ్రాకెట్ల చుట్టూ ఉన్న గుండ్రటివి మరిస్తే సింటాక్స్ ఎర్రర్. ఏదైనా జిల్లాకి బ్లాకులే రాకపోతే టైప్ ఎర్రర్, అక్కడ (జి.బ్లాకులు ?? []) అని రాయండి, బ్లాకులు లేకపోతే ఖాళీ అర్రే తీసుకుంటుంది. బ్లాకుల కింద పంచాయతీలనూ వడకట్టాలంటే బ్లాకు దగ్గర మళ్ళీ ఇలాగే కొత్త ఆబ్జెక్ట్ చేయాలి, పైనున్న స్ప్రెడ్ అంత లోతుకి దిగదు.