రక్తం మీది, పేపరు మాది

ఉద్దానం ప్రజలకు ఒక మనవి. దయచేసి చేయి చాచండి. కుడి చేయి కిందటి బృందం వాడేసుకుంది కాబట్టి ఈసారికి ఎడమ చేయి ఇవ్వండి. చిన్న సూదే, చీమ కుట్టినట్టుంటుంది. ఒక గొట్టంలో రక్తం, ఒక డబ్బాలో మూత్రం, ఒక సీసాలో మీ బోరు నీళ్ళు, ఒక పొట్లంలో మీ జీడితోట మట్టి. ఇవన్నీ పట్టుకుని మేం వెళ్ళిపోతాం. ఎందుకూ అంటారా? మీ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకోవడానికి. ఎప్పుడు తెలుస్తుందీ అంటారా? తర్వాతి అధ్యయనంలో.

కొత్త బృందం వస్తోందన్న వార్త చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఉద్దానం అని పిలిచే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలకు శాస్త్రవేత్తల రద్దీ కొత్త కాదు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య, సముద్రపు గాలి పీల్చుకుంటూ బతికే మనుషులు. షుగర్ ఉండదు, చెప్పుకోదగ్గ బీపీ ఉండదు, అయినా నడివయసులోనే కిడ్నీలు చేతులెత్తేస్తాయి. అంతకన్నా మంచి పరిశోధనాంశం ఎక్కడ దొరుకుతుంది? వైద్యశాస్త్రం దీన్ని 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి' అంది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకూ ఇదే బాపతు జబ్బుంది. అంటే మనవాళ్ళు అంతర్జాతీయ స్థాయి రోగులన్నమాట. గర్వపడాలి.

అనుమానితుల జాబితా చూశారా? నీళ్ళలో సిలికా, సీసం, క్యాడ్మియం, ఫ్లోరైడు, తోటలకు కొట్టే పురుగుమందులు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేదాకా చేసే పని, సాయంత్రం ఒళ్ళునొప్పులకు మింగే మాత్రలు, తాతముత్తాతల జన్యువులు. ఇరవై ఏళ్ళకు పైగా వీళ్ళందర్నీ స్టేషన్‌కి పిలిచి కూర్చోబెడుతున్నారు. ఒక్కర్నీ అరెస్టు చేయలేదు, ఒక్కర్నీ వదిలిపెట్టలేదు. కొత్త ఎస్సై వచ్చినప్పుడల్లా అందరూ మళ్ళీ వచ్చి సంతకం పెట్టి పోవాలి.

నాయకులూ తక్కువ తినలేదు. 2017లో హార్వర్డ్ నుంచి డాక్టర్లొచ్చారు, ఫోటోలొచ్చాయి. 2018లో తిత్లీ తుపాను వచ్చి తోటలు పోయాక ఇంకొందరొచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రినీ, కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్ల రూపాయలతో తాగునీటి పథకం పెట్టారు. అవి మంచి పనులే, వెటకారం చేయను. ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కొట్టడం తేలిక, ఆ ఆసుపత్రి కుర్చీలో కిడ్నీల డాక్టరును (నెఫ్రాలజిస్టును) ఏళ్ళ తరబడి కూర్చోబెట్టడం కష్టం అని మాత్రం అంటాను.

సరే, సమావేశానికి వద్దాం. ఇది జరిగిందని నేననను. జరగలేదని మీరు అనగలరా?

జిల్లా కేంద్రంలో ఏసీ హాలు. సమన్వయ కమిటీ సమావేశం. ఒక్కొక్కరి ముందు ఒక మినరల్ వాటర్ సీసా, ఒక ప్లేటులో జీడిపప్పు. ఊళ్ళ నుంచి నీటి శాంపిళ్ళు తెచ్చిన కుర్రాడికి శాంపిల్ సీసాలు అందలేదు. ఇండెంటు ఇంకా పైనే ఉంది. పాపం, దార్లో టీకొట్టు దగ్గర ఖాళీ మినరల్ వాటర్ సీసాలు ఏరుకుని, వాటిలో పట్టి తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలీక అదే బల్ల మీద పెట్టాడు. ఎజెండాలో మొదటి అంశం: ఈ ప్రాంతపు భూగర్భ జలాలు తాగడానికి పనికొస్తాయా, లేదా?

నిపుణుడు లేచి స్లైడ్ల మీద స్లైడ్లు వేశాడు. నీళ్ళు చాలావరకు ప్రమాణాలకు లోబడే ఉన్నాయన్నాడు. గొంతు తడారింది. చేతికందిన సీసా మూత తిప్పి నోటి దాకా ఎత్తాడు.

"సార్! సార్! అది కవిటిది సార్!" అని వెనక నుంచి కుర్రాడి కేక.

సీసా జారింది. స్లైడ్లు ఆగాయి. నిపుణుడు జేబురుమాలు తీసి పెదాలు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు, ఆ జేబురుమాలును రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్టలో వేశాడు. అప్పుడు అందరి చూపూ ఎవరి ముందున్న సీసా మీదికి వాళ్ళది పోయింది. మూతకి సీలు ఉందా? లేదా? అధ్యక్షులవారు అప్పటికే సగం తాగేసి ఉన్నారు. ఆయన మొహంలో రంగు పోయింది. "ఇది ఏ ఊరిది?" అన్నారు పీలగా. కుర్రాడు వంగి చూసి, "తెలీదు సార్, స్టిక్కరు ఊడిపోయింది" అన్నాడు. ఒక పెద్దాయన ధైర్యం చెప్పబోయాడు: "ప్రమాణాలకు లోబడే ఉందని ఇప్పుడే చెప్పారు కదండీ." అధ్యక్షులవారు చూసిన చూపుకి ఆయన జీడిపప్పు కూడా వదిలేశాడు.

తీర్మానాలు చకచకా జరిగిపోయాయి. ఒకటి, ఉద్దానం నీళ్ళు చాలావరకు సురక్షితం. రెండు, ఇకపై సమావేశాలకు నీళ్ళు విశాఖ నుంచి సీలు వేసి రావాలి. మూడు, అధ్యక్షులవారి రక్తం అప్పటికప్పుడు తీయాలి. తీశారు. ఆసుపత్రి కారులో ల్యాబుకి పంపారు. సాయంత్రం టీ చల్లారేలోపు వాట్సాప్‌లో రిపోర్టు వచ్చేసింది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అంకె 0.9, అంటే బాగానే ఉంది. హాలంతా చప్పట్లు.

చూశారా, రక్తం తీసుకుంటే రిపోర్టు ఇవ్వడం సాధ్యమేనన్నమాట!

ఉద్దానం ఊళ్ళలో ఎక్కడ కూర్చున్నా వినిపించే మాట ఒకటుంది. "రత్తం అట్టుకెల్లినారు బాబూ, ఏటి తేలిందో సెప్పనేదు." ఈ ఫిర్యాదు ఒక బృందం మీదా, ఒక సంస్థ మీదా కాదు. ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉన్న అందరి మీదా. వాళ్ళ రక్తంతో గ్రాఫులు గీశారు, సదస్సుల్లో పోస్టర్లు పెట్టారు, ఇంగ్లీషు జర్నళ్ళలో పేపర్లు వేసుకున్నారు. పేపరు చివర్లో ఎప్పటిలాగే 'మరింత లోతైన అధ్యయనం అవసరం' అని రాసుకున్నారు. ఆ రక్తం ఇచ్చిన మనిషికి తెలుగులో ఒక చీటీ రాయడానికి మాత్రం తీరిక దొరకలేదు. చీటీలో పెద్ద సైన్సేమీ అక్కర్లేదు. మీ అంకె ఇంత, మామూలుగా ఉండాల్సింది ఇంత, నొప్పి మాత్రలు మానండి, ఫలానా తేదీన మళ్ళీ రండి. అంతే. ఈ జబ్బుకి ఆ చీటీ ఎంత ముఖ్యమో పరిశోధకులకు వేరే చెప్పాలా? మామూలు కిడ్నీ జబ్బుల్లో చాలావాటిలో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతుంది, పరీక్ష పుల్ల ముంచి చూస్తే దొరికిపోతుంది. ఇక్కడ అది పోదు, లేదా బాగా తక్కువ పోతుంది. కాళ్ళవాపులూ ఆలస్యంగానే వస్తాయి. మనిషి తోటలో పని చేసుకుంటూనే ఉంటాడు, లోపల కిడ్నీ సగానికి పైగా పోయి ఉంటుంది. రక్తపరీక్ష అంకె ఒక్కటే ఆ సంగతి చెప్పగలదు. ఆ అంకె మీ ల్యాప్‌టాప్‌లో ఉంది, ఆయనకి తెలీదు!

కారణం తెలియనిదే ఏం చేస్తామండీ అంటారు. నికరాగువాలో ఏం చేశారో చూడండి. అక్కడా కారణం పూర్తిగా తేలలేదు. అయినా చిచిగల్పాలోని ఒక పెద్ద చక్కెర మిల్లు తోటల్లో చెరకు నరికేవాళ్ళకి నీడకు గుడారాలు వేశారు, మధ్యమధ్యలో విశ్రాంతి ఇచ్చారు, నీళ్ళూ లవణాలూ చేతికందేలా పెట్టారు. తర్వాతి కోతల కాలంలో కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ సంఖ్య తగ్గిందని అధ్యయనాల్లో చూపించారు. గుడారం, నీళ్ళు, విశ్రాంతి. వీటికి హార్వర్డ్ అక్కర్లేదు, టెండరు కూడా అక్కర్లేదు. మన జీడితోటల్లో, కొబ్బరితోటల్లో మే నెల మధ్యాహ్నం కూలీకి ఇవి ఇవ్వమని ఏ కమిటీ ఎప్పుడు గట్టిగా చెప్పింది?

మాత్రల సంగతి సరేసరి. షుగర్ కోసం పుట్టిన గ్లిఫ్లోజిన్ మాత్రలు షుగర్ లేనివాళ్ళలో కూడా కిడ్నీ పాడయ్యే వేగాన్ని తగ్గిస్తున్నాయని 2020లో డాపా-సీకేడీ అనే మందుల ట్రయల్ చెప్పింది, ఆ తర్వాత 6,609 మందితో జరిగిన ఎంపా-కిడ్నీ అనే ట్రయల్ కూడా చెప్పింది. మేలు స్పష్టంగా కనబడుతోందని రెండు ట్రయల్స్‌నీ అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. డాపాకి చూద్దామంటే మూత్రంలో ఆల్బుమిన్ పోయేవాళ్ళే అర్హులు. మనవాళ్ళకి అది పోదాయె. ఎంపాలో కిడ్నీ పనితీరు బాగా పడిపోయినవాళ్ళని ఆల్బుమిన్ లేకపోయినా తీసుకున్నారు గానీ, ఆ ట్రయల్ జరిగిన ఎనిమిది దేశాల్లో మనది లేదు. ఉద్దానం జబ్బుకి ఇదే మందు అని ఎవరూ చెప్పలేరు, డాక్టరు చూసి రాయాల్సిందే. కానీ 2025 మార్చిలో పేటెంటు గడువు ముగిసి, 60 రూపాయల చుట్టూ ఉన్న ఎంపాగ్లిఫ్లోజిన్ (ఎంపా ట్రయల్‌లో వాడిన మందు) మాత్ర మన మందుల షాపుల్లో 10 రూపాయల లోపుకి దిగింది. ఇప్పుడు లేనిది మందు కాదు. ముందుగా అంకె తెలుసుకుని, దాన్ని రాసే డాక్టరు దగ్గరికి రోగిని చేర్చే మనిషి లేడు.

చేర్చాల్సింది ప్రభుత్వం. దాని లెక్క వేరేగా ఉంది. కిడ్నీ రోగికి పింఛను ఇస్తారు, ఇవ్వాలి కూడా. డయాలసిస్‌లో ఉంటే నెలకి 10,000 రూపాయలు. ఇంకా డయాలసిస్ దాకా పోనివాళ్ళు నిబంధనల ప్రకారం తగినంత పాడైనట్టు నిరూపించుకోవాలి. క్రియాటినిన్ 5 దాటాలి, లేదా కిడ్నీ వడపోత వేగం (ఈజీఎఫ్ఆర్) 15 కంటే కిందికి పడాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోవాలి. మామూలు మనిషికి క్రియాటినిన్ 1 అటూ ఇటూ ఉంటుంది. 2 దగ్గర ఉన్నవాడు ఆ రోజు నుంచి ఎండపని తగ్గించుకుంటే, నొప్పి మాత్ర మానితే, నెలనెలా డాక్టరుకి చూపించుకుంటే ఇంకొన్నేళ్ళు డయాలసిస్ మెట్లెక్కకుండా గడపగలడేమో. కూలి మానుకుంటే వాడి ఇల్లు ఎలా గడవాలి? వాడికి రూపాయి రాదు. అందుకని వాడు మళ్ళీ ఎండలోకే పోతాడు. కిడ్నీ పూర్తిగా పోయాక, వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగు గంటలు మిషను మీద పడుకున్నాక, పిల్లలకు సంబంధాలు రావడం ఆగిపోయాక, అప్పుడు సర్కారు ఉదారంగా చెక్కు రాస్తుంది. సిగ్గుండాలి! కిడ్నీ బతికుండగా పైసా ఇవ్వరు, చచ్చాక నెలనెలా ఇస్తారు.

ఆ 5 అనే అంకె ఏ అధ్యయనంలో తేలిందో ఎవరైనా చెప్పండి. ఆ పేపరొక్కటీ నేను కొనుక్కునైనా చదువుతాను.