భీముడి రక్తపరీక్ష

(పార్వతం పశువైద్యుడి దగ్గర నుంచి వచ్చి బుట్ట మూత తీసింది. చెవి చిరిగిన మగపిల్లి ఒకటి బయటికి దూకి, ఎవరినీ పట్టించుకోకుండా సోఫా కిందికి దూరింది. సోఫాలో ఉన్న రామ్మూర్తి అప్పటికే కుర్చీ ఎక్కేశాడు.)

రామ్మూర్తి: దాన్ని నా దగ్గరికి రానివ్వకు! ఫోన్‌లో ఎఫ్‌ఐవీ పాజిటివ్ అన్నావు. అంటే ఎయిడ్సేగా!

పార్వతం: ఎఫ్‌ఐవీ అంటే పిల్లులకొచ్చే వైరస్. మీరు పిల్లి కాదు. దిగండి.

రామ్మూర్తి: మొన్న నన్ను గీరింది!

పార్వతం: తోక మీద కూర్చుంటే గీరదా? హెచ్‌ఐవీకి ఇది దాయాదే, కాదనను. ఒంటిని కాపాడే టి కణాల మీదే ఇదీ పడుతుంది. కానీ మనుషులకు అంటదు, కుక్కలకూ అంటదు. డాక్టర్‌ని రెండుసార్లు అడిగాను, మీరు అడుగుతారని తెలిసే.

(రామ్మూర్తి దిగాడు. ధైర్యం వచ్చి కాదు, కుర్చీ కిర్రుమంది.)

రామ్మూర్తి: ఇవన్నీ కొత్త రోగాలు. మా చిన్నప్పుడు ఎక్కడున్నాయి?

పార్వతం: పేరు లేదంతే. 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో ఒకావిడ పెంచే పిల్లుల్లో కొన్ని వరసగా జబ్బుపడితే, పెడర్సన్, యమమోటో అనే శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నారు. తర్వాత అంతకుముందు దాచిపెట్టిన పిల్లుల రక్తం తీసి చూస్తే, అందులోనూ దీని ఆనవాళ్ళు దొరికాయట.

రామ్మూర్తి: సరే, వీడికెలా వచ్చింది? మన రెండో పిల్లి చిట్టితో కలిసి ఒకే గిన్నెలో తినొద్దని చెప్పానా లేదా?

పార్వతం: గిన్నె మీద నెట్టకండి. కలిసి తిన్నా, ఒకరినొకరు నాక్కున్నా అంటుకోవడం అరుదు. బయటపడితే ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు, మామూలు సబ్బుకే చస్తుంది. లోతుగా కరిస్తేనే అసలు గొడవ. ఉమ్మిలో ఉన్న వైరస్ తిన్నగా ఒంట్లోకి పోతుంది. ఎక్కువగా వచ్చేది ఎవరికో తెలుసా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించక వదిలేసిన మగపిల్లులకు. రాత్రి తలుపు తీసి ‘పోరా భీమా, నీ సత్తా చూపించు’ అని పంపిందెవరు?

రామ్మూర్తి: ప్రతిసారీ గెలిచే వచ్చాడు!

పార్వతం: ఏం గెలుచుకొచ్చాడో రిపోర్టులో ఉంది, చదువుకోండి.

రామ్మూర్తి: (కళ్ళజోడు వెతుక్కుంటూ) పరీక్ష తప్పై ఉండొచ్చుగా?

పార్వతం: ఇది వైరస్‌ను చూడదు, దానికోసం ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను చూస్తుంది. అందుకే ఇంకో పద్ధతిలో మళ్ళీ చూద్దామన్నాడు. ఆరు నెలల్లోపు కూనలకైతే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలతో ఉత్తినే పాజిటివ్ రావచ్చు.

రామ్మూర్తి: అదే అయ్యుంటుంది!

పార్వతం: వీడు కూనా? ఆరేళ్ళ దున్న.

రామ్మూర్తి: టీకా వేయించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఏ విషయంలోనైనా నీది ఆలస్యమే.

పార్వతం: ఆ టీకా అమెరికాలో 2002లో వచ్చింది, తర్వాత అక్కడ అమ్మడం మానేశారు. అన్ని రకాల ఎఫ్‌ఐవీనీ ఆపేది కాదు. పైగా అది వేయించుకున్న పిల్లికి మామూలు పరీక్షలో పాజిటివే వచ్చేది.

రామ్మూర్తి: రోగం రాకూడదని వేయించుకుంటే రోగముందని చెబుతుందా! మీ అన్నయ్య సలహాలా ఉంది.

పార్వతం: మా అన్నయ్య ఊసెత్తకండి.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సోఫా కింద నుంచి గురక.)

రామ్మూర్తి: (గొంతు తగ్గించి) ఎన్నాళ్ళుంటాడే?

పార్వతం: ఇప్పుడొచ్చారు దారికి. ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చట. మిగతా పిల్లులతో సమానంగా బతికేవీ చాలా ఉన్నాయట. పూర్తిగా నయం చేసే మందైతే లేదు. చిగుళ్ళు వాచినా, బరువు తగ్గినా, పుండు మానకపోయినా ఆగకుండా తీసుకెళ్ళాలి. ఏమీ లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించాలి. పచ్చిమాంసం పెట్టకూడదు, అందులోని క్రిములను తట్టుకునే శక్తి తగ్గిపోవచ్చు కాబట్టి. చిట్టికీ పరీక్ష చేయించాలి. ఇక బయటికి పంపడం బంద్.

రామ్మూర్తి: బందా? భీముణ్ణి ఇంట్లో కట్టేస్తావా?

పార్వతం: కట్టేయడం కాదు, తలుపు వేయడం. వాడికి బయటి రోగాలు రాకుండా, వాడి రోగం బయటివాటికి పోకుండా. వచ్చే వారం ఆపరేషన్ కూడా.

రామ్మూర్తి: (లేచి నిలబడి) ఒప్పుకోను! వాడి మగతనం...

పార్వతం: అదే కదా గోడలెక్కించి కొట్లాటలకు తీసుకెళ్ళింది! ఆపరేషనైతే ఆ పిచ్చి చాలావరకు తగ్గుతుంది. అయినా ఆపరేషన్ వాడికి. మీరెందుకు కాళ్ళు దగ్గరికి పెట్టుకున్నారు?

రామ్మూర్తి: చలి.

పార్వతం: ఫ్యాన్ వేసింది మీరే.

(ఆ రాత్రి. బయటెక్కడో ఓ పిల్లి సవాలు విసిరినట్టు అరిచింది. లోపల భీముడు తలుపు గీరుతున్నాడు. చీకట్లో అడుగుల చప్పుడు.)

పార్వతం: (పడుకునే) తలుపు తీస్తున్నారా?

రామ్మూర్తి: లేదే! గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చూస్తున్నా.

పార్వతం: తీసి చూడక్కర్లేదు.