ఓటింగ్ పెట్టి తేల్చిన లిస్టు కాదండీ బాబూ

ఉగాది పోట్లక్‌లో పులిహోర ప్లేటు పట్టుకుని ఒకాయన అడిగేశారు, మీ బైబిల్ పుస్తకాలు కాన్‌స్టంటైన్ రాజు నైసియాలో ఓటింగ్ పెట్టి సెలెక్ట్ చేసినవే కదా అని. యూట్యూబ్ నుంచి వాట్సాప్‌కి, అక్కణ్ణుంచి మన పార్టీల్లోకి వచ్చేసిన మాట ఇది. క్రీ.శ. 325లో నైసియా ఊళ్లో బిషప్పులంతా కూడిన సభలో గొడవంతా యేసు తండ్రియైన దేవుడితో సమానమా కాదా అని, పుస్తకాల లిస్టు ఊసే కాదు.

పాత నిబంధన సంగతి సింపుల్, యేసే ధర్మశాస్త్రం, ప్రవక్తలు, కీర్తనలు అంటూ ఎత్తి చెప్పేవాడు, శిష్యులూ అదే పట్టుకున్నారు. కొత్త నిబంధన మాత్రం వాడకంలో నిలబడింది. అపొస్తలుడు, అంటే యేసు పంపిన మనిషి, పౌలు రాసిన పత్రికని (ఉత్తరాన్ని) ఒక సంఘం చదివి ఇంకో సంఘానికి పంపేది, కొలొస్సయివాళ్లకి ఆయనే అలా చెయ్యమని రాశాడు, అలా చేతులు మారుతూ, ఇది అపొస్తలుల దగ్గర్నుంచి వచ్చిందేనా, వాళ్లు నేర్పిన బోధకి సరిపోతోందా, అన్ని చోట్లా ఆరాధనలో చదువుతున్నారా అని చూసుకుంటూ నిలిచినవే ఇవి. 180 ప్రాంతంలోనే ఐరేనియస్ అనే బిషప్ సువార్తలు నాలుగే అన్నాడు. ఇప్పుడు కొత్త నిబంధనలో ఉన్న 27 పుస్తకాల పేర్లూ 367లో అతనాసియస్ అనే బిషప్ రాసిన ఈస్టర్ ఉత్తరంలో కనిపిస్తాయి.

నాకు గురి కుదిరింది మాత్రం ఆ తొలినాటి క్రైస్తవులు డౌట్లు దాచుకోలేదు చూడండి, అక్కడ. యాకోబు, యూదా, రెండో పేతురు పత్రికల మీద కొందరికి అభ్యంతరాలున్నాయని చర్చి చరిత్ర రాసిన యూసెబియస్ రాసేశాడు, హెబ్రీ పత్రిక ఎవరు రాశారో దేవుడికే తెలియాలన్నాడు పండితుడు ఓరిజెన్. కట్టుకథ అల్లేవాడు ఇలా రాసుకుంటాడా?

మన వైజాగ్‌కి 1805లో క్రాన్, డేగ్రాంజ్ అనే మిషనరీలు వచ్చి, ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగులో పెట్టడం మొదలెట్టేసరికే ఆ లిస్టు వయసు పద్నాలుగొందల ఏళ్లు పైమాటే.

అయినా తేడాలు లేవని కాదు, మా ప్రొటెస్టెంట్లకి 66 పుస్తకాలు, క్యాథలిక్స్‌కి 73, తోబీతు లాంటివి వాళ్ల బైబిల్లోనే ఉంటాయి. వన్‌టౌన్‌లో మా పక్కింటి మామ్మగారు రాస్‌హిల్ క్యాథలిక్ చర్చికి వెళ్లేవారు, ఓసారి "ఏటి, మీ బుక్కులో తోబీతు లేదా?" అని ఆశ్చర్యపోయి తన బైబిల్ మా నానమ్మకిచ్చారు. నానమ్మ మూడు మధ్యాహ్నాలు కళ్లద్దాలకి దారం కట్టుకుని చదివింది, పేజీల మీద కొబ్బరినూనె వేలిముద్రలు కూడా వేసింది పాపం. తిరిగిచ్చేటప్పుడు అన్న మాట ఇంకా గుర్తుంది. "కథ బాగుందమ్మా, ఆ కుర్రోడి ఎనకాల ఎల్లిన కుక్క మరీ బాగుంది, గానీ మా పాస్టరయ్యగారు దీన్లోంచి వాక్యం సెప్పరు కదా."