కొలతలకొచ్చినారా సార్?

నిన్న పొద్దున మా బావమరిది ఫోన్. "బావా, మా చేన్లో కలివికోడి తిరుగుతాంది, బిరీన రా." 1900 తర్వాత ఎవరి కంటా పడక, 1986లో ఈ కడప జిల్లాలోనే రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడికి దొరికిన పక్షి అది. రాత్రిళ్లు ముళ్లపొదల్లో మాత్రమే తిరుగుతుంది. అలాంటిది పట్టపగలు వీడి చేన్లో షికారు చేస్తోందట! సిద్ధవటం దాటి లంకమల కిందికి చేరేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

తీరా చూస్తే తీతువు. కంటి ముందు ఎర్రతోలు, పొడుగాటి పసుపు కాళ్లు. అయినా వదల్లేదు. హద్దురాయి పక్కన గులకరాళ్లలో కలిసిపోయిన నాలుగు గుడ్లు, వాటి మీద అది. ఎండాకాలం తీతువు నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. కంపచెట్టు చాటున కూర్చుని బైనాక్యులర్‌లో ఆ తడిసిన పొట్టే చూస్తున్నా.

"కొలతలకొచ్చినారా సార్?"

వెనకాల ఒక పెద్దాయన. చంకలో చీరలకొట్టు కవరు.

"లేదు పెద్దాయనా, పిట్టను చూస్తున్నా."

"అట్లే అంటారులే. పోయినసారి రీసర్వేకొచ్చినాయప్ప మజ్జిగ తాగి, ముప్పై సెంట్లు తగ్గించిపాయె."

కవర్లోంచి పాస్‌బుక్కు తీశాడు. తండ్రి పేరు ఉండాల్సిన చోట భార్య పేరు ఉంది. దాన్ని దిద్దించడానికి ఎండలన్నీ ఆఫీసు మెట్ల మీదే గడిచాయట. ఎన్నిసార్లు పోయినా ఒకటే మాట, సర్వర్ లేదు. నేను ఓదార్చేలోపే నా మెడలోని బైనాక్యులర్ లాక్కుని, తిరగేసి కళ్లకు పెట్టుకున్నాడు. దాంతోపాటు నా మెడ కూడా పోయింది. చాలాసేపు చూశాడు. మొహం వాడిపోయింది.

"చూడు సార్, మీ మిషన్లో ఇంకా తగ్గిపాయె నా భూమి!"

తిప్పి పట్టుకోమన్నాను. చూశాడు. "ఇప్పుడు బాగుండాది. ఇట్లే రాయి సార్."

హద్దురాయిని దగ్గర్నుంచి చూపిస్తానని నన్ను గెనిమ మీదుగా ఈడ్చుకుపోయాడు. తీతువు ఊరుకుంటుందా? అరుపులు లంకించుకుని నెత్తి మీదికి దూకింది. నా టోపీ ఎగిరిపోయింది. పెద్దాయన నా వెనక నక్కి, పాస్‌బుక్కు తెరిచి తలకు అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా ఆఫీసరు సంతకం ఉండాల్సిన చోట రెట్ట పడింది.

"పోనీలే, ఇదన్నా సర్వర్ అడగకుండా ముద్రేసింది" అన్నాడు తువ్వాలుతో తుడుస్తూ.

వెనక్కి తిరిగేసరికి గెనిమ మీద ఇంకో నలుగురు, తలా ఒక కవరుతో.

"లైను యాన్నుంచి సార్?"