అర్థమయ్యే కరపత్రం వల్ల కలిగే అనర్థాలు

విశాఖపట్నంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్) ప్రచారానికి ఇటీవల పెద్ద ఆపద వచ్చిపడింది. పెద్ద కంపెనీలు తెచ్చిపెట్టిన ఆపద అయితే ఎదుర్కొనేవాళ్లం. ఇది మా సంఘంలోంచే పుట్టింది. పాలిటెక్నిక్ చదివే ఒక అమ్మాయి కొత్తవాళ్లకు పంచడానికని కరపత్రం రాసుకొచ్చింది. ఒకే కాగితం, ఒకే వైపు, పెద్ద అక్షరాలు. కార్యవర్గంలో అందరం చదివాం. అందరికీ ఒక్కసారికే అర్థమైపోయింది. అధ్యక్షులవారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. మళ్లీ అర్థమైంది. పరిస్థితి ఎంత చేయిదాటిందో అప్పుడు తెలిసొచ్చింది.

దీన్ని ఊరికే వదిలేస్తే ఏమవుతుందో ప్రజలను హెచ్చరించడం నా కర్తవ్యం. ముందు మా సంప్రదాయ కరపత్రం ఎలాంటిదో చెబితేగానీ జరిగిన నష్టం బోధపడదు.

సెప్టెంబరు మూడో శనివారం సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవం. 2004 నుంచి ప్రపంచంలో చాలాచోట్ల జరుపుతున్నారు. ఆ సాయంత్రం మేం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎదుట నిలబడి మూడు మడతల కాగితం పంచుతాం. మొదటి మడత 1983 సెప్టెంబరు 27న రిచర్డ్ స్టాల్‌మన్, స్వేచ్ఛగా పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించడంతో మొదలవుతుంది. తర్వాత 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 1989లో ఆ స్వేచ్ఛను చట్టబద్ధంగా కాపాడే జీపీఎల్ లైసెన్సు. రెండో మడతలో 1991, లైనస్ టోర్వాల్డ్స్, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్, ఆ మరుసటి ఏడాది అది జీపీఎల్ కిందికి రావడం. మూడో మడత సగానికి 2007లో జీపీఎల్ మూడో వెర్షన్ వస్తుంది. కెర్నెల్ దానికి ఎందుకు మారలేదన్న వాదానికి మిగతా సగం చాలదు. ఇంతకీ ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కడ దొరుకుతుంది, కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి లాంటి చిల్లర విషయాలకు చోటు మిగలదు. మిగలకుండానే ఫాంటు సైజు చూసుకుంటాం.

నడిమధ్య ఒక డబ్బాలో నాలుగు స్వేచ్ఛలు ఉంటాయి. ప్రోగ్రామును ఏ పనికైనా నడుపుకోవడం, అది లోపల ఎలా పనిచేస్తోందో చూసి మార్చుకోవడం, కాపీలు తీసి పంచడం, మార్చినవాటిని కూడా పంచడం. వీటి నంబర్లు 0 నుంచి 3 దాకా. ప్రోగ్రామర్ల లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి ప్రజల లెక్క కూడా అక్కడే మొదలవ్వాలని మా అభిప్రాయం. స్టీల్ ప్లాంటులో రిటైరైన ఒక పెద్దాయన ‘స్వేచ్ఛ 0’ అని చదివి, ‘స్వేచ్ఛ సున్నా అని కాగితం వేసి మరీ చెప్పాలా బాబూ, ముప్ఫై ఏళ్లు షిఫ్టుల్లో చేశాం, మాకు తెలీదా’ అని తిరిగిచ్చేశారు. అలాంటివారి వెంట మేం పడం. ఉద్యమానికి కావలసింది సున్నాను గౌరవించేవాళ్లు.

మా సాహిత్యం జనంలోకి వెళ్లడం లేదని కొందరు నిందిస్తారు. అబద్ధం. మేం కింద పెట్టిన కట్టలు చీకటిపడేసరికి మురీ మిక్చర్ బండ్ల మీదికి చేరతాయి. అక్కడి నుంచి పొట్లాలై బీచ్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ప్రతి చేతిలోకీ వెళ్తాయి. నిమ్మరసం తగిలిన చోట లైసెన్సు షరతులు కాస్త అలుక్కుపోయే మాట నిజమే. అంతకుముందు రోజుల్లో ఉబుంటు అనే లినక్స్ సీడీలు విదేశాల నుంచి పోస్టులో ఉచితంగా వచ్చేవి. 2011లో ఆ పథకం ఆపేశారు. అప్పటికే మా పేటలో బాల్కనీ బాల్కనీకీ అవి దారాలకు వేలాడుతూ పావురాలను తరుముతుండేవి. ఇంతకన్నా విస్తృత వాడకం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఉంటుందా?

ఇప్పుడు ఆ అమ్మాయి రాసిన దానికి వద్దాం. శీర్షిక: ‘మీ పాత కంప్యూటర్ అమ్మేయకండి’. చూశారా నిర్లక్ష్యం! స్వేచ్ఛ లేదు, ఉద్యమం లేదు, ఆశ్చర్యార్థకం అయినా లేదు. కింద, విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, మీ మెషీన్‌లో 11 ఎక్కదన్నారా, అయితే లినక్స్ ఎక్కించి చూడండి అని ఉంది. 1983 ఎక్కడమ్మా అని అధ్యక్షులవారు ఎంతో సౌమ్యంగా అడిగారు. ‘అది రెండోసారి వచ్చినప్పుడు చెబుదాం సార్’ అంది. రెండోసారి వస్తారట! మా పాతికేళ్ల అనుభవంలో రెండోసారి వచ్చినవాణ్ణి ఎవరైనా చూశారా అని మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

రెండో పేరా ఇంకా ఘోరం. ‘మీరు వీటిని ఇప్పటికే వాడుతున్నారు’ అని మొదలుపెట్టింది. పెళ్లి వీడియో దేనిలోనూ రానప్పుడు మీరు తెరిచే నారింజ రంగు కోన్ బొమ్మ ప్లేయర్ ఇలాంటిదేనట. మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలేనట. ఆ కోన్ బొమ్మ వీఎల్‌సీకి ఎంత చరిత్ర! 1996లో పారిస్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై 2001లో జీపీఎల్ కిందికి వచ్చింది. దానికి మేం ప్రత్యేక అనుబంధం వేద్దామనుకుంటున్నాం. ఈ పిల్ల కోన్ బొమ్మతో తేల్చేసింది. పైగా ఊళ్లో ప్రతివాడూ ఇప్పటికే లోపల ఉన్నాడని తెలిసిపోతే, ఇక గుమ్మం దగ్గర మేం నిలబడి ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి?

తర్వాత పెన్‌డ్రైవ్ సంగతి. ‘ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఇన్‌స్టాల్ అన్న బొమ్మ నొక్కనంతవరకు మీ ఫైళ్ల జోలికి పోదు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో చూసుకోండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చెయ్యండి.’ ఇంత తేలికగానా? వెనకటి తరంలో దీక్ష అలా ఉండేది కాదు. పెద్దలు డిస్కులో తప్పు భాగం (పార్టిషన్) ఎంచుకుని, బావగారి ఇంటి ప్లాను, పెళ్లి ఫొటోలు, అపార్టుమెంటు మెయింటెనెన్స్ లెక్కలు ఒక్క ఎంటర్‌తో సమర్పించుకుని లోపలికి వచ్చారు. బావగారు ఇప్పటికీ మాట్లాడని పెద్దలు మాలో ఉన్నారు. అదీ నిబద్ధత. టెన్షన్ లేకుండా వచ్చినవాడు ఎన్నాళ్లుంటాడు?

అసలు సహించరానిది మూడో పేరా. ఏది పనిచెయ్యదో రాసిపెట్టింది. ‘టాలీ, ఫొటోషాప్, కోరెల్‌డ్రా దీనిలో నేరుగా నడవవు. మీ పనంతా వాటి మీదే అయితే ఆ కంప్యూటర్‌ను కదపకండి. వర్డ్ ఫైల్‌ను దాని బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే పేజీ కాస్త అటూ ఇటూ జరగొచ్చు. బయటికి పంపేది పీడీఎఫ్ చేసి పంపండి.’ కరపత్రంలో నిజం రాయడం మన నగర మర్యాద కాదు. పొద్దున్నే పేపరు మడతలోంచి జారిపడే కాగితాలు చూడండి. ప్లాట్లవాళ్లు భోగాపురం ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే అంటారు, ఏ వాహనంలో అన్నది రాయరు. కాలేజీవాళ్లు ఒకటీ ఒకటీ ఒకటీ అంటారు, ఆ వరుసలో లేని పిల్లలు ఏమయ్యారో రాయరు. మేమూ ఈ పద్ధతే పాటించి ‘అన్ని అవసరాలకూ చక్కటి ప్రత్యామ్నాయం’ అని వేస్తూ వచ్చాం. అది నమ్మి డాబా గార్డెన్స్‌లో ఒక ఆడిటర్ గారి గుమాస్తా మార్చి నెలాఖరున ఆఫీసు కంప్యూటర్ మార్చేశాడు. ఆయన మళ్లీ కనిపించలేదు కాబట్టి సంతృప్తిగానే ఉన్నాడని భావిస్తున్నాం.

అచ్చు విషయంలోనూ ఆ అమ్మాయిది మొండితనమే. మా కరపత్రం ఎప్పుడూ ఒకే డీటీపీ సెంటర్లో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, వేరే కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజిగా కనిపించే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో తయారవుతుంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. అది ఆ కుర్రాడి మెషీన్‌లోకి ఏ దారిన వచ్చిందని అడిగే కుసంస్కారం మాకు లేదు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించిన కాగితాన్ని కొట్టేసిన సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేయించామని ఎవరైనా అంటే, అది వారి మనసులోని మలినం. ఈ పిల్ల మాత్రం లిబ్రేఆఫీస్‌లో, మండలి, రామభద్ర అనే యూనికోడ్ ఫాంట్లతో చేసి పీడీఎఫ్ పట్టుకొచ్చింది. ఆ ఫాంట్లు కూడా ఎవరైనా వాడుకునే లైసెన్సువేనట. ‘ఇది మన ఫాంటు కాదు సార్, నేనేం దిద్దను?’ అని డీటీపీ కుర్రాడు బిక్కమొహం వేశాడు. ఒక జీవనోపాధి మీద దెబ్బ కొట్టినట్టేగా?

పైగా అడుగున ఒక వాక్యం: ‘దీన్ని ఎవరైనా జిరాక్స్ తీసి పంచవచ్చు, మార్చుకుని కూడా పంచవచ్చు.’ మా కరపత్రం అడుగున మొదటి నుంచీ ‘సర్వహక్కులు సంఘానివి, అనుమతి లేకుండా పునర్ముద్రణ నిషిద్ధం’ అని ఉంటుంది. హక్కుల గురించి రాసిన కాగితం మీద ఆ హక్కులు ఎవరివో చెప్పకపోతే జనం తమవనుకోరూ?

కేరళ బడుల్లో పిల్లలు ఏళ్లుగా గ్నూ/లినక్స్ మీదే ఐటీ పరీక్షలు రాస్తున్నారు కదా, వాళ్లకు ఎవరు భయపెట్టి నేర్పారు అని మాలో ఒక చిన్నవాడు లేచాడు. గ్నూకీ లినక్స్‌కీ మధ్య గీత పలకకుండా అన్నందుకు అతన్ని కూర్చోబెట్టాం.

మేం ఇంకా చర్చిస్తుండగానే ఆ అమ్మాయి తన కాగితాలు కంచరపాలెంలో పంచేసింది. అడుగున ఆదివారం పదింటికి మద్దిలపాలెంలో ట్యూషన్ సెంటర్ మేడ మీదికి రండి, కంప్యూటర్, చార్జరు తెచ్చుకోండి అని ఉంది. మా కరపత్రంలో ఆ చోట ‘మరిన్ని వివరాలకు మాన్యువల్ చూడండి’ అని ఉండేది, ఎవరూ వచ్చేవారు కాదు, ఆదివారాలు ప్రశాంతంగా గడిచేవి. ఇప్పుడు జనం వచ్చారు. బ్లౌజులు కుట్టే ఒకావిడ ఒక మూల విరిగిన లాప్‌టాప్ చున్నీలో చుట్టి తెచ్చింది. అధ్యక్షులవారు లేచి 1983 నుంచి ప్రారంభించారు. 1985 దాకా వచ్చేసరికి ఆవిడ, ‘ఏటి బాబూ, ఇంతకీ నా ఫొటోలు ఉంటాయా, పోతాయా?’ అంది. మాలో ఎవరి దగ్గరా ఆ ప్రశ్నకు చారిత్రక సమాధానం లేదు. ఈలోగా అమ్మాయి ముందు ఫొటోలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఆవిడ చేతిలో పెట్టి, ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి, బూట్ మెనూ కోసం ఏ కీ నొక్కాలో ఆవిడ చేతే నొక్కించింది. కాసేపటికి ఆవిడ బోట్ నెక్ డిజైన్లు చూసుకుంటూ కూర్చుంది. స్వేచ్ఛ గురించి ఒక్క మాట అడగలేదు.

ఇంతటితో ఆగితే క్షమించేవాళ్లం. తర్వాతి ఆదివారం పక్కింటావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పక్కింటావిడ చేతిలో అదే కరపత్రం, జిరాక్స్ కాపీ. దాని మీద పెన్నుతో అదనంగా ‘ప్రింటర్ పనిచేస్తంది. సౌండు తక్కువొస్తే మూల ఉన్న స్పీకర్ బొమ్మ నొక్కాలి’ అని రాసి ఉంది. ‘పేటలో ఇంకో పదిమందికి ఇచ్చానండీ, పర్లేదా?’ అంది.

అధ్యక్షులవారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. కాపీ తీసి పంచడం స్వేచ్ఛ 2. మార్చి పంచడం స్వేచ్ఛ 3. నిర్వచనం చదవకుండా, లైసెన్సు చూడకుండా, సున్నా అంటే ఏమిటో తెలియకుండా ఒక మనిషి రెండు స్వేచ్ఛలను ఒకే వారంలో వాడేసింది. మేం ఇన్నేళ్లుగా వాటిని పదిలంగా కాపాడుకొస్తున్నాం, ఒక్కసారైనా వాడి ఎరగం.

కార్యవర్గం వెంటనే సమావేశమై సవరణలు ఆమోదించింది. చరిత్ర పైకి వస్తుంది. పెన్‌డ్రైవ్ సంగతి అడుగున చిన్న అక్షరాల్లోకి పోతుంది. పనిచెయ్యనివాటి జాబితా తీసేశాం. కాగితం రెండు వైపులా నిండుతుంది, అవసరమైతే పదకోశం విడిగా వేస్తాం. సర్వహక్కులు యథాస్థానంలో ఉంటాయి. ప్రూఫు దిద్దడానికి ఈ ఆదివారం పదింటికి డీటీపీ సెంటర్లో కూర్చుంటున్నాం, సభ్యులందరూ విధిగా రావాలని కబురు పెట్టాం. ఆ అమ్మాయి మాత్రం రావడం కుదరదంది. కంచరపాలెం నుంచి ఆటోలో ఐదుగురు వస్తున్నారట, మేడ మీద ప్లగ్ పాయింట్లు సరిపోవట, మా కార్యాలయంలోని ఎక్స్‌టెన్షన్ బాక్స్ కాస్త ఇప్పిస్తారా అని అడిగింది. ఆ విషయం వచ్చే సమావేశం అజెండాలో చేర్చాం.